పళ్ళెం చప్పుడు

కూర మళ్ళీ వేడి చెయ్యడంలో ఆమెది చెయ్యి తిరిగిన పనితనం. మంట ఎంత ఉంటే అడుగంటదో, ఎన్ని నీళ్ళు చిలకరిస్తే పలచబడకుండా కదులుతుందో, అంచుల్లో బుడగలు ఎలా లేస్తే దించెయ్యాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాగని ఆమె చల్లటి కూర వడ్డించేది కాదు. వేడివేడిగానే వడ్డించేది. ఆయన చదువుతున్న పేపరు ముగించి, ఫోను మాట్లాడి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేలోగా అదే చల్లారేది. ఆయన రాకముందు వడ్డిస్తే తొందర ఎందుకంటాడు, వచ్చాక వడ్డిస్తే ఆలస్యం ఎందుకంటాడు. ఈ రెంటికీ నడుమ సరైన క్షణం ఏదో ఒకటి ఉండే ఉంటుందని పెళ్ళయిన కొత్తలో ఆమె నమ్మింది. తర్వాత వెతకడం మానేసింది.

కూర చల్లారితే ఆయన నోరెత్తి ఒక్క మాట అనేవాడు కాదు. పళ్ళేన్ని మోచేత్తో ఒక్క తోపు తోసేవాడు. స్టీలు పళ్ళెం నేల మీద పడి, గిరగిరా తిరిగి, గోడకు కొట్టుకుని ఆగేది. వంటింట్లో ఉన్న ఆమె ఆ చప్పుడు వినగానే గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేది. కాపురానికి వచ్చిన కొత్తలో ‘ఇదిగో’ అని పిలిచేవాడు. రాన్రానూ ఆ మాట కూడా దండగనిపించిందో ఏమో, గ్లాసుతో బల్ల మీద కొట్టడం, చెంచా విసరడం, పళ్ళెం తొయ్యడం, వీటితోనే కాపురం నడిపేశాడు. బ్యాంకులో మాత్రం ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ‘మీ ఆయన బంగారమండీ’ అని ఆయన కింద పనిచేసేవాళ్ళు ఆమెతో అనేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా పళ్ళెం పడింది. గిరగిరా తిరిగింది, గోడకు కొట్టుకుని ఆగింది. దాని వెనకే ఇంకేదో బరువైన చప్పుడు వచ్చినట్టుంది. కుర్చీ కూడా తన్నాడు కాబోలు, ఇవాళ కోపం కాస్త ఎక్కువే అనుకుంది. కూర గిన్నె పొయ్యి మీద పెట్టి, గరిటె పట్టుకుని నిలబడింది. నిలబడినంతసేపూ ఆమె మనసులో ఉన్నది భర్త కాదు. నేల మీద పడిన మెతుకులు ఎండకముందే తుడవాలి అన్నదొక్కటే ఉంది. అంచుల్లో బుడగలు లేచాక దించి, గుడ్డతో పట్టుకుని బయటికి వచ్చింది.

ఆయన కుర్చీ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నీలంగా మారాయి. ఛాతీ కదలడం లేదు.

ఆమె చేతిలో గిన్నె ఎటు పోయిందో ఆమెకే తెలియదు. ఫోన్లో అంబులెన్సుకు కబురు చెప్పి, దాన్ని పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూలబడి ఆయన ఛాతీ మీద అరచేతి మీద అరచెయ్యి పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. ఆమె ఊళ్ళోని ఈత కొలను దగ్గర టికెట్లు ఇచ్చే ఉద్యోగం చేస్తుంది. నీళ్ళలో మునిగినవాళ్ళను బతికించడం అక్కడ పనిచేసే అందరికీ నేర్పారు. ఈత నేర్పే పంతులమ్మ రబ్బరు బొమ్మను నేల మీద పడుకోబెట్టి, ‘జాలిపడి మెల్లగా నొక్కారంటే మనిషి పోతాడు, బలమంతా పెట్టండి’ అని గదమాయించి మరీ నేర్పింది. ఆ రోజు ఇంటికొచ్చి చెబితే ఆయన వచ్చిన బంధువుల ముందు పకపకా నవ్వాడు. ‘టికెట్లు చింపేదానికి డాక్టరు పని నేర్పుతున్నారట. ఏ గుండెను బతికిస్తావేం?’ అన్నాడు. ఆ గుండె ఇప్పుడు ఆమె అరచేతుల కింద ఉంది. నొక్కుతుంటే లోపల ఏదో పటుక్కుమంది. అయినా ఆపలేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి, ఆమెను పక్కకు జరిపి, ఛాతీకి కరెంటు పెట్టారు. గుండె మళ్ళీ కొట్టుకుంది. మనిషికి మాత్రం తెలివి రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమెను ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది. అప్పటికే అత్తగారు, ఆడపడుచు వచ్చి చెరో పక్కన కూర్చున్నారు.

“ఆయన పడిపోయిన దగ్గర్నుంచి మీరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టేదాకా ఎంతసేపు పట్టింది? ఉజ్జాయింపుగా చెప్పినా ఫర్వాలేదు. మెదడుకి రక్తం అందకుండా ఎంతసేపు ఉందో మాకు తెలియాలి” అంది డాక్టరమ్మ.

వెంటనే పరిగెత్తుకెళ్ళానని చెప్పెయ్యొచ్చు. చూసినవాళ్ళెవరూ లేరు. కానీ ఆ జవాబు మీదే వైద్యం ఆధారపడి ఉంటుందేమోనని భయమేసింది.

“కూర వేడెక్కేంతసేపు” అంది.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. ఆమె పళ్ళెం సంగతి చెప్పింది. రోజూ పడే పళ్ళెమే అనుకున్నానని చెప్పింది. చెబుతుంటే, ఇన్నేళ్ళుగా బయటివాళ్ళకు ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారని తట్టింది. చెప్పిన తీరు మాత్రం తప్పు ఒప్పుకుంటున్నట్టే ఉంది. “మీరు నొక్కబట్టే ఈ మాత్రం ఉన్నారు” అంది డాక్టరమ్మ.

ఆ మాట అత్తగారి చెవికెక్కలేదు. బయటికి రాగానే మొదలుపెట్టింది. “మీ మామయ్యగారు గ్లాసు కింద పెట్టే చప్పుడు బట్టి నాకు తెలిసిపోయేది, పంచదార తక్కువైందో, కాఫీయే చల్లారిందో. పుణ్యాత్ముడు, చివరిరోజున కూడా నా చేతి కాఫీ తాగి, కుర్చీలోనే కళ్ళు మూశాడు. నువ్వేమో ఇన్నేళ్ళు కాపురం చేశావ్, పళ్ళెం విసిరాడో మనిషే పడ్డాడో తెలుసుకోలేకపోయావా అమ్మాయ్?”

“పైగా పక్కటెముకలు విరిగాయట” అంది ఆడపడుచు కళ్ళొత్తుకుంటూ. “అంత కసిగా నొక్కాలా వదినా?”

ఆమె తన అరచేతులు చూసుకుంది.

ఆయన్ని చల్లబరుస్తామని డాక్టరమ్మ ముగ్గురికీ విడమరిచి చెప్పింది. గుండె మళ్ళీ కొట్టుకుంటున్నా, రక్తం అందక దెబ్బతిన్న మెదడుకు అసలు ముప్పు ఇప్పుడే మొదలవుతుందట. వాపు వస్తుంది, బతికున్న భాగం కూడా పాడైపోవచ్చు. ఒంటి వేడి తగ్గించి ఉంచితే మెదడు పని తగ్గుతుంది, దానికి కావలసినదీ తగ్గుతుంది. “తక్కువతో సరిపెట్టుకుని బతుకుతుంది. ఆ వ్యవధిలో కోలుకోవచ్చు. అందరికీ ఫలిస్తుందని మాట ఇవ్వలేను” అంది. తక్కువతో సరిపెట్టుకుని బతకడం గురించి ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. మెదడుకూ ఆ విద్య వచ్చని మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఆయన ఛాతీకీ తొడలకీ పలకల్లాంటి మెత్తలు అంటించారు. వాటిలో చల్లటి నీళ్ళు తిరుగుతున్నాయి. మంచం పక్కన ఉన్న యంత్రం ఆ నీళ్ళను లోపలికి పంపిస్తూ సన్నగా గురక పెడుతోంది. నోట్లో గొట్టం, చేతికి సూదులు. వణుకు వస్తే ఒళ్ళు మళ్ళీ వేడెక్కుతుంది కనక వణక్కుండా, మేలుకోకుండా మందులిచ్చారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి అంత చల్లగా, అంత మెత్తగా ఎప్పుడూ లేదు.

అత్తగారికి ఈ వైద్యం కొరుకుడు పడలేదు. “చలికి తట్టుకోలేడే వాడు! చిన్నప్పుడు స్వెటరు లేకుండా గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు” అంటూ ఏడ్చింది. లోపలికి ఒక్కొక్కరినే వదులుతారు. అత్తగారు వెళ్ళి వచ్చాక యంత్రం గురక పెరిగింది. ఆమె లోపలికి వెళ్ళేసరికి నర్సు భృకుటి ముడిచి యంత్రం తెర వైపు చూస్తోంది. ఒంట్లో వేడి పెరుగుతోంది, నీళ్ళు ఎంత చల్లబడినా సరిపోవడం లేదు. మందులు సరిగ్గానే పడుతున్నాయి, గొట్టాలు సరిగ్గానే ఉన్నాయి.

ఆమె మాట్లాడకుండా వెళ్ళి దుప్పటి కింద చెయ్యి పెట్టింది. అనుకున్నట్టే ఉంది. చంక కింద, తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసా.

నర్సు దాన్ని లాగి, ఆయన చర్మం పరీక్షించింది. ఎర్రగా కందింది. “స్పృహలేని మనిషికి కాలినా తెలియదు కదండీ! ఎవరు పెట్టారు?” అని కేకలేసింది. బయటినుంచి అద్దంలోంచి చూస్తున్న అత్తగారు ఆమెవైపు చూసింది. చెబుతావా అన్న భయం ఆ చూపులో ఉంది. “మా వాళ్ళే. ఇంకోసారి జరగదు, నేను చూసుకుంటాను” అంది ఆమె.

అప్పటినుంచి లోపలికి ఎవరు వెళ్ళివచ్చినా తర్వాత ఆమె వెళ్ళి దుప్పటి కింద తడిమి చూసేది. ‘ఒక్క సీసా వేడినీళ్ళు పట్టుకురామ్మా, పాదాలకి కాపడం పెడతాను’ అని అత్తగారు బతిమాలింది. ఆమె తేనంది. వేడి చేసి తెమ్మని అడిగితే కాదనడం ఆ ఇంట్లో ఆమెకు అదే మొదలు. ‘కట్టుకున్నవాడు మంచుగడ్డయిపోతుంటే గుడ్లప్పగించి చూస్తోంది’ అని ఆడపడుచు ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నది. విననట్టు ఊరుకుంది.

లోపల కూర్చున్నప్పుడు ఆలోచనలు కమ్ముకొచ్చేవి. ఆ కాస్తసేపట్లో ఆయన మెదడులో ఏమేం ఆరిపోయి ఉంటాయి? తాను గరిటె తిప్పుతున్నప్పుడు ఒక్కొక్కటే ఆరిపోతూ ఉండిందా? ఆయన చచ్చిపోవాలని ఆమెకు లేదు. ఆ సంగతి తనలో తాను ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా లేదనే తేలింది. ఆయన లేచి మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోవాలనీ లేదు. ఇదీ నిజమే. లేవకపోతే తాను చంపినట్టు. సగం లేస్తే జీవితాంతం ఎత్తి పడుకోబెట్టవలసినదీ, తుడవవలసినదీ తానే. పూర్తిగా లేస్తే మళ్ళీ అదే పళ్ళెం. పిల్లలు కలగకపోవడం కూడా ఆ ఇంట్లో వంటలో ఉప్పు తగ్గినట్టు ఆమె లెక్కలోనే పడింది, ఇక ఇది ఎవరి లెక్కలో పడుతుందని! ఈ మూడింటిలో దేనికోసం దణ్ణం పెట్టుకోవాలో తెలియక ఆమె అసలు దణ్ణమే పెట్టలేదు. అందుకు సిగ్గుపడింది. ఆ గదిలో చలికి తన పాత స్వెటరు వేసుకుని, చేతులు చంకల్లో దోపుకుని, ఆయనకు వేడి తగలకుండా కాపలా కాసింది.

ఒకసారి నర్సు పక్కకు వెళ్ళినప్పుడు ఆయన చెవి దగ్గరికి వంగింది. ఇన్నేళ్ళలో ఆయన మధ్యలో అడ్డుపడకుండా ఆమె ఒక మాట పూర్తి చెయ్యడం ఇప్పుడే కుదిరింది. “పళ్ళెం విసిరారనుకున్నానండీ. పడిపోయారని తెలీలేదు. రెండూ ఒకలాగే వినిపిస్తాయి” అంది. యంత్రం గురక పెడుతూనే ఉంది.

మళ్ళీ వెచ్చబరచడం చల్లబరచడం కంటే కష్టమట. గబగబా వేడి చేస్తే మెదడు వాచిపోతుందట, అందుకని పగలంతా కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. తాను ఆరితేరిన పనిని వీళ్ళు ఇంత భయభక్తులతో చేస్తుంటే ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మందులు ఆపాక కూడా ఆయన లేవలేదు. ఆ తర్వాతి రోజూ లేవలేదు. డాక్టరమ్మ ముఖం చూడటానికి ముగ్గురికీ భయమేసింది. ఆపైన ఒక పొద్దున నర్సు పిలిస్తే ఆయన కళ్ళు తెరిచాడు. వేలు నొక్కమంటే నొక్కాడు.

గొట్టం తీశాక మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, కొన్ని రాలేదు. చెంచా చూపిస్తే పేరు తట్టలేదు. తన బ్యాంకు ఏ వీధిలో ఉందో చెప్పలేకపోయాడు. ఆ ఆదివారం అసలే గుర్తులేదు. ఏం జరిగిందని అడిగి, చెబితే విని, కాసేపటికి మళ్ళీ అడిగేవాడు. “కొత్త జ్ఞాపకాలు నిలబడటానికి టైం పడుతుంది. పాతవి, అలవాట్లు చాలావరకు భద్రంగానే ఉన్నట్టున్నాయి” అంది డాక్టరమ్మ. భార్యను చూసి ఆయన పూర్తిగా అన్న మొదటి వాక్యం, ఛాతీ పట్టుకుని, “అంత గట్టిగా నొక్కాలా?”

మామూలు గదికి మార్చిన రోజున ఆడపడుచు ఏర్పాట్లన్నీ తానే చేసేసింది. “ఎలాగూ ఉద్యోగం మానేస్తావుగా వదినా. అన్నయ్యని కనిపెట్టుకుని మనిషి ఉండాలి. నాకా, సంసారం ఉందాయె. అమ్మా పెద్దదైపోయింది. ఆ టికెట్లు ఇంకెవరైనా చింపుతారు.”

డాక్టరమ్మ పిలిస్తే ఆమె బయటికి వెళ్ళింది.

“మీరు రోజూ చూసిన మనిషి కదా, మీకే బాగా తెలుస్తుంది. ఆయన స్వభావంలో తేడా ఏమైనా కనిపిస్తోందా? ముందులాగే ఉన్నారా?” అని అడిగింది డాక్టరమ్మ.

ఆమె జవాబు వెతుక్కుంటూ ఉండగానే గదిలోంచి చప్పుడు వినిపించింది. సూపు గిన్నె నేల మీద పడి, గిరగిరా తిరిగి, గోడకు కొట్టుకుని ఆగింది.

ఆ వెంటనే అత్తగారి గొంతు, ఏడుస్తూ, నవ్వుతూ. “విసిరాడే! చూశావా, మా వాడు మా వాడిలాగే ఉన్నాడు! అమ్మాయ్, సూపు చల్లారిపోయింది, పరిగెత్తుకెళ్ళి వేడి చేయించుకురా!”

ఆమె కాళ్ళు నిజంగానే నర్సుల గది వైపు తిరిగాయి. అక్కడ వేడి చేసే యంత్రం ఉంది, దారి తెలుసు. ఒక్క అడుగు వేసింది కూడా. మళ్ళీ వేడి చేస్తూ నిలబడతానా అనుకుంది. అంతే, వెనక్కి తిరిగి పరుగున గదిలోకి వెళ్ళి, మంచం తల దగ్గర గోడకున్న ఎర్ర మీట బలమంతా పెట్టి నొక్కింది.

వరండా అంతా గంట మోగింది. ఇద్దరు నర్సులు మందుల బండి తోసుకుంటూ వచ్చారు. వాళ్ళ వెనక డాక్టరమ్మ. ఎవరో మంచం తల భాగం దించారు, ఎవరో ఆయన చొక్కా గుండీలు లాగారు, ఎవరో మెడ దగ్గర నాడి పట్టుకున్నారు. ఆయన సూపు చుక్కలు అంటిన గడ్డంతో, పెద్దపెద్ద కళ్ళతో అందర్నీ చూస్తున్నాడు.

“ఏమైంది?” అంది డాక్టరమ్మ.

“గిన్నె పడిన చప్పుడు వినిపించిందండీ.”

“ఆయన బాగానే ఉన్నారే! గిన్నె విసిరేశారు, అంతే.”

“అది చప్పుడులో తెలియదు కదండీ. పోయినసారి విసిరారనుకుని పొయ్యి దగ్గర నిలబడిపోయాను. మళ్ళీ ఆ తప్పు చెయ్యను.” ఆమె గొంతు పెంచలేదు. భర్తవైపు తిరిగింది. “వింటున్నారా? మర్చిపోతే రేపు మళ్ళీ చెబుతాను. ఇంటికెళ్ళాక కూడా ఇంతే. పళ్ళెం పడినా, గ్లాసు పడినా, చెంచా పడినా నేను పొయ్యి వెలిగించను. అంబులెన్సుని పిలుస్తాను. వీధి వీధంతా వచ్చి చూసినా సరే. నేను పనిలో ఉన్న వేళ పక్కన ఉండటానికి మనిషిని మాట్లాడతాను, ఆ మనిషికీ ఇదే చెబుతాను.”

“పనిలోనా?” అంది ఆడపడుచు.

“సోమవారం నుంచి.”

పెద్ద నర్సు గోడ మీద కారుతున్న సూపు చూసింది, ఆమెను చూసింది. “చప్పుడు వింటే గంట నొక్కండి. మేం వస్తాం” అని బండి వెనక్కి తిప్పుకుంది. ఆయన ఏదో అనబోయి, మాట దొరక్క, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తడుముకున్నాడు. ఆమె సాయం పట్టలేదు. నేల మీది గిన్నెనూ తియ్యలేదు. బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది.

కాసేపటికి అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకుంది ఆమె. అత్తగారు చీర అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“నాకు చప్పుడు బట్టి తెలిసేదన్నది అబద్ధం” అంది చివరికి, నేలవైపు చూస్తూ.

ఆమె తల తిప్పి చూసింది.

“ఆ రోజు మీ మామయ్యగారి గ్లాసు పడింది. కాఫీ చల్లారిందనే అనుకున్నాను. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను.” ముసలావిడ చీర అంచు వదిలేసింది. “తాగి పోయాడని అందరికీ చెప్పుకున్నాను గానీ, తాగలేదే అమ్మాయ్. నేను వెళ్ళేసరికి ఆయన చల్లబడిపోయాడు. నా చేతిలో కాఫీ పొగలు కక్కుతోంది.”